మా వియ్యపురాలు చేసిన బోణీ

పెనుకొండ కార్యదర్శిగారు మన సాహిత్య బృందంలో అందరికీ వేసిన కార్డు నాకూ చేరింది. "అక్షరజ్ఞానం లేకపోయినా మనకు అండగా నిలిచిన ధర్మవరం సభ్యురాలు మాఘమాసంలో కాలం చేశారు" అని అందులో ఉంది. కాలం చేసిన మాట నిజమే. పొద్దుటి పాసింజరుకు పోయి, ఆఖరి చూపు చూసి వచ్చినదాన్ని. అక్షరజ్ఞానం లేదన్న మాట తప్పు. కార్యదర్శిగారిని నేను తప్పు పట్టడం లేదు. ఇరవై ఏండ్లకు పైగా వియ్యమందిన నాకే ఆ సంగతి తెలిసి పదిహేను దినాలైంది. తెలిసినదాన్ని కాబట్టి, ఈ ఉగాది పుస్తకంలో ఆమెను గురించి నాలుగు మాటలు రాసే పని నేనే మీద వేసుకున్నాను. తప్పు దిద్దడమంటే నాకు మొదటినుంచీ ఇష్టమని మీకందరికీ తెలుసు. ఈసారి దిద్దవలసిన తప్పు నాదే కావడం కొత్త.

ఆమె నా కూతురికి అత్త. హిందూపురంలో మాది జవుళి అంగడి, ధర్మవరంలో వాళ్ళవి నాలుగు పట్టుమగ్గాలు. వాళ్ళు నేసింది మేము అమ్మేవాళ్ళం. ఆ రాకపోకల్లోనే సంబంధం కుదిరింది. నేను మిషన్ బడిలో చదివి, ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేసినదాన్ని. పెండ్లిచూపుల నాడు ఆమె నా బిడ్డను ఒక్క మాటా అడగలేదు. నా వైపు తిరిగింది.

"చదువుకున్నోళ్ళంట కదా వదినా. పిల్లకు పని నేర్పినావా, ఉత్త మాటలే నేర్పినావా?"

"రెండూ నేర్పినాను. మీకేది కావాలో అది వాడుకోండి" అన్నాను.

మా వియ్యం అట్లా మొదలైంది. చివరిదాకా అట్లాగే జరిగింది.

ఈ మధ్య చేరినవాళ్ళ కోసం మన బృందం పద్ధతి కొంచెం చెప్పాలి. ఒకే రైలుదారి మీద ఉన్న మూడు ఊళ్ళవాళ్ళం మనం. ఏడాదికి ఒక ఊరి వంతున, ఉగాది మరునాడు కలుస్తాం. పండగనాడు ఎవరి ఓళిగలు వాళ్ళింట్లో తిని, మరునాడు మిగిలినవి మూటకట్టుకొని రైలెక్కుతాం. రాసినవన్నీ చేత్తో ఒకే పుస్తకంగా కుట్టుకుంటాం. ఉండేది ఒకే ప్రతి. అచ్చు వేయించే తాహతు ఏనాడూ లేదు. లేకపోవడం వల్ల లోకానికి జరిగిన నష్టమూ నాకు కనపడలేదు. కొత్త ఏడాది మొదలుపెట్టడానికి ఒక నియమం ఉంది. అది నా అంగడి బుద్ధికి పుట్టింది. పొద్దున్నే బోణీ కాకుండా అంగట్లో వేరే వ్యవహారం నడవదు కదా, అట్లాగే మన పుస్తకంలో అంతవరకు ఒక్క మాటా లేని మనిషి ఎవరైనా ముందు వినిపించాలి. ఆ బోణీ అయ్యేదాకా పాతవాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా సంచి విప్పకూడదు. బోణీ చేసినవాళ్ళకు రాయడం రాకపోతే, వాళ్ళు చెప్పింది రాసుకొని సాపు ప్రతి తయారుచేసే పని నాది. మరుసటి ఉగాదికి ఆ పాత బోణీని ఒకసారి చదివి, ఆ తరువాతే కొత్త బోణీకి పోతాం.

ప్రమాది ఉగాదికి ధర్మవరం వంతు వచ్చింది. వియ్యపురాలి ఇంటి వసారాలో కూర్చున్నాం. బోణీ చేయడానికి పెనుకొండ నుంచి ఎవరో కొత్తాయన వస్తాడని కార్యదర్శిగారు మాట ఇచ్చి ఉన్నారు. రైలు వచ్చింది, కార్యదర్శిగారు వచ్చారు, కొత్తాయన రాలేదు. ఇక చూడండి. ఎనిమిది మందిమి కట్టిన సంచులు ఒళ్ళో పెట్టుకొని, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. మా హిందూపురం బెల్లం మండీ కవిగారు ఆ ఏడు నూట ఎనిమిది పద్యాలు తెచ్చి ఉన్నాడు. ఆయన అవస్థ చెప్పనలవి కాదు.

వియ్యపురాలు మూల కూర్చొని రాట్నం మీద నేతకు కావలసిన పోగు కండెలకు చుడుతూ ఉంది. పండగ మరునాడు మగ్గాలు ఆడవు గానీ ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు. చాలాసేపు మమ్మల్ని చూసి అంది:

"ఎవురో రాలేదని ఇంతమంది ఎదురు చూస్తాండారే. నేను చెప్తే పనికి రాదా?"

కార్యదర్శిగారు ఇబ్బందిగా నవ్వి, "అమ్మా, కథగానీ కవితగానీ..." అన్నారు.

"ఏదో ఒకటిలే అప్పా. అయినాక పేరు నువ్వే పెట్టుకో."

ఆమె చెప్పిన సంగతి ఇది. ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడు ఊరికి ప్లేగు తగిలింది. ఊరు ఊరంతా ఇండ్లకు తాళాలు వేసి, బయట చేలల్లో గుడిసెలు వేసుకుంది. ఆడబిడ్డ పెండ్లికని మామ నేస్తున్న చీర మగ్గం మీద సగంలో ఆగిపోయింది. గుడిసెల్లోనే ఆ ఆడబిడ్డ పోయింది. మూడు నెలలకు ఊళ్ళోకి తిరిగి వస్తే, దుమ్ము పట్టిన సగం చీర మగ్గం మీద అట్లాగే ఉంది. మామ దాన్ని కోసి పడేద్దామన్నాడు. అత్త వద్దంది. ఆ ఇల్లాలు బతుకంతా పట్టుపోగు తోడి, కండెలు చుట్టినదే గానీ మగ్గం గుంటలో దిగినది కాదు. ఆమె దిగి కూర్చుంది. నెలరోజులు కూర్చొని మిగతా సగం తానే నేసింది. కండెలు అందించింది ఈ కోడలు. నేత చేయి మారితే చీరలో తెలిసిపోతుంది. ఆ చీర మధ్యలో, మామ చేయి ఆగి అత్త చేయి మొదలైన చోట, ఒక గీత ఉండిపోయింది.

సంగతి ఇంత. చెప్పిన తీరు వేరు. నేను ఒళ్ళో కాగితాలు పెట్టుకొని, పెన్సిలు చేతిలో పట్టుకొని రాసుకోవలసినదాన్ని. ఒక్క ముక్కా రాసుకోలేదు. వింటూ ఉండిపోయాను. ఆమె ముగించి మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. బెల్లం మండీ కవిగారు తన నూట ఎనిమిది పద్యాలూ సంచిలోనే ఉంచుకొని ఇంటికి తీసుకుపోయాడు. మన బృందానికి ఆమె చేసిన మొదటి మేలు అది.

హిందూపురం వచ్చి సాపు ప్రతి రాయడానికి కూర్చున్నాను. సంగతి గుర్తుంది, ఆమె మాటలు గుర్తు లేవు. ఆ మాట పైకి ఒప్పుకునే మనిషిని కాదు. నాకు వచ్చిన భాషలో రాశాను. బాగానే రాశాననుకున్నాను. 'దైవోపహతమైన ఆ గృహము' అని మొదలుపెట్టాను. ఆమె కథ చీరను బెంగుళూరు సాహుకారుకు అమ్మడంతో అయిపోయింది. అది నాకు చప్పగా తోచింది. అంత కథకు అంగడి ముగింపేమిటని, ఆ చీరను నేతవాళ్ళ కులదేవత చౌడమ్మకు కట్టించి, హారతి ఇప్పించి ముగించాను. పుస్తకంలో ఎక్కించాను.

మరుసటి ఉగాది హిందూపురంలో, మా ఇంట్లో. ఆమె ధర్మవరం నుంచి వచ్చింది. పాత బోణీ నేనే చదివాను. అందరూ బాగుందన్నారు.  ఆమె వంటింట్లోకి వచ్చి, చెంబుతో నీళ్ళు తాగి అంది:

"బాగుండాది వదినా. ఎవురిదీ కథ?"

"నీదే కదా."

"మేము ఆ చీర అమ్మినాము. తిండికి లేక అమ్మినాము. నువ్వు చౌడమ్మకు కట్టించినావు. చౌడమ్మ ఆ పొద్దు మమ్మల్ని చీర అడగలేదు వదినా."

"కథన్నాక ముగింపు ఉండాలి కదా."

"ఉండాది కదా. అమ్మినాము."

"అది ముగింపు కాదు వదినా, బేరం."

"మాకు అదే ముగింపు. నా కథ నాకియ్యి."

ఆ మాట ఆమె వదిలిపెట్టలేదు. ఆ తరువాత ప్రతి ఉగాదికీ, తన ఊళ్ళో అయితే కాళ్ళకు నీళ్ళిచ్చి అడిగేది, వేరే ఊళ్ళో అయితే కనపడగానే అడిగేది. మా ఇద్దరి మనవరాలి పేరుపెట్టే దినం, ఉయ్యాల తాడు కడుతూ అడిగింది. నాకు విషజ్వరం వచ్చి మంచాన పడితే చూడడానికి రైలెక్కి వచ్చి, పక్కన కూర్చొని మిరియాల కషాయం తాగించి, "తేరుకున్నాక నా కథ సంగతి చూడు" అంది. నేను ప్రతిసారీ ఒక సూత్రం చెప్పేదాన్ని. సాహిత్యమంటే జరిగింది జరిగినట్టు రాయడం కాదనీ, ఉదాత్తత అనేది ఒకటి ఉంటుందనీ. ఆమె సాంతం విని, "సరేలే వదినా, మళ్ళీ ఏడు అడుగుతా" అనేది.

ఇప్పుడు దాచి చేసేదేమీ లేదు కాబట్టి చెబుతున్నాను. ఆమె కథ ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఆమె మాటలు నేను రాసుకోలేదు, పోగొట్టుకున్నాను. ఆ సంగతి చెప్పడానికి నోరు రాక సూత్రాలు చెప్పాను.

పట్టు విడవని మనిషే గానీ పగ పట్టే మనిషి కాదు. యుద్ధకాలంలో కాగితం దొరక్క ఈ ఏటికి పుస్తకం లేదని మనం చేతులెత్తేసినప్పుడు, పట్టుచీరల మడతల మధ్య పెట్టే పలుచని కాగితం ఒక కట్ట పంపింది ఎవరనుకున్నారు? చిత్రభాను సంవత్సరం పుస్తకం మొత్తం దాని మీదే రాశాం. పుట తిప్పితే గలగలమంటుంది.

ఆమె వినే తీరు మీలో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చదివేవాళ్ళకు వీపు పెట్టి రాట్నం తిప్పుతూ వినేది. రాట్నం ఆగితే ఆ రచన బాగున్నట్టు. ఆగకపోతే మనం తొందరగా ముగించడం మంచిది. బెల్లం మండీ కవిగారు ఒకసారి రాట్నం ఎంతకీ ఆగకపోయేసరికి చదవడం ఆపి, "ఏమ్మా, ఎట్లుండాది?" అని అడిగాడు. ఆమె వచ్చి కాగితం మూల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, బట్ట చూసినట్టు నలిపి చూసి, "పొడుగు బాగుండాదప్పా. వెడల్పే లేదు" అంది. ఆ తరువాత ఆయన పద్యాలు పన్నెండుకు దిగాయి. ఇప్పుడు ఆయన మంచి కవి. కావాలంటే ఆయన్నే అడగండి, ఒప్పుకుంటాడు.

పోయిన ఉగాది మళ్ళీ ధర్మవరంలో జరిగింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. కథ అడగలేదు. భోజనాల దగ్గర అడుగుతుందనుకున్నాను. అడగలేదు. స్టేషనుకు జట్కా ఎక్కేటప్పుడైనా అడుగుతుందని కాసేపు నిలబడ్డాను. "జాగ్రత్తగా పో వదినా, ముసలిదానివైనావు" అంది. ఆమె నాకన్నా ఏడాదే చిన్నది. బండిలో పెనుకొండ దాటేదాకా నాకు ఊపిరి సరిగా ఆడలేదు. ఎనిమిదేండ్లు అడిగిన మనిషి అడగడం మానేసిందంటే, నా మీద ఆశ వదులుకుందని అర్థం. విసుక్కుంటూ విన్న మాట ఒకటి ఇక వినపడదంటే ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

దీపావళి దాటాక అత్తకు ఆయాసం ఎక్కువైందని కూతురు జాబు రాసింది. ఆ రాత్రి కాదు, మరునాడు తలస్నానం చేసి బుద్ధిగా కూర్చున్నాను. ఆమె కథ ఆమెకు రాసి ఇద్దామని. చౌడమ్మను తీసేశాను. హారతి తీసేశాను. తీసేయడం సులభంగానే ఉంది. ఆ తీసేసిన చోట పెట్టడానికి మాత్రం నా మాటలే వచ్చాయి, ఆమెవి రాలేదు. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ పొయ్యిలో పెట్టాను. సంక్రాంతి పోయింది, మాఘం వచ్చింది, తంతి వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆమెను వసారాలో, రాట్నం ఉండే చోట పడుకోబెట్టి ఉన్నారు. నేను ఇవ్వవలసింది ఇవ్వలేదు, ఆమె అడగవలసింది అడగలేదు. ఆ పదకొండు దినాలు నేను ఎవరితోనూ వాదించలేదు. నా కూతురు నాకు జబ్బు చేసిందనుకుంది.

పదకొండో దినం అన్నీ ముగిశాక, కూతురు అత్త పెట్టె తెరిచి, దుప్పటి ముక్కలో చుట్టిన పుస్తకం ఒకటి తీసింది. ప్రమాది సంవత్సరం పుస్తకం. మా ఇంట్లో చదివిన ఏడే ఆమె దాన్ని వెంట తీసుకుపోయింది. ఎన్నిసార్లు అడిగినా ఆమె ఇవ్వలేదు. కోపంతో చించేసిందేమో అని నా అనుమానం.

"అమ్మా, ఇది నీకియ్యమని చెప్పింది అత్త."

"నువ్వే విప్పు" అన్నాను. 

చింపలేదు. నేను రాసిన బోణీ కథ ఉన్న పుటల మీద, చీర మడతల్లో పెట్టే ఆ పలుచని కాగితాన్ని సన్నటి పట్టీలుగా కోసి, నా వాక్యాల మీద ఒక్కొక్కటిగా అంటించి ఉంది. అన్నం మెతుకులతో అంటించింది. ప్రతి పట్టీ మీదా లావాటి అక్షరాలు, మగ్గం మీద పోగులకు మల్లే ఒకదానికొకటి ఆనుకొని. మొదట అది నా కూతురి రాత కాదని చూశాను. తరువాత అది ఎవరిదో చూశాను.

"ఎవరు నేర్పినారే?"

"నేనే. ఆరేండ్లుగా. పొద్దున వంట కాకముందు, పలక మీద."

"నాతో ఒక్క మాట చెప్పవద్దా?"

"నీకు చెప్పద్దనింది. చెప్తే రైలెక్కి వచ్చి దిద్దుతావనింది."

నా కడుపున పుట్టి ఆమె పక్షం చేరింది. పైగా నేను నేర్పిన చదువుతో. పెండ్లిచూపుల నాడు నేను ఇచ్చిన జవాబు గుర్తొచ్చింది. మా ఇద్దరిలోనూ ఆమే గట్టిది, పనీ మాటా రెండూ వాడుకుంది.

అక్కడే వసారాలో కూర్చొని చదివాను. 'దైవోపహతమైన ఆ గృహము' మీద అంటించిన పట్టీలో "ఊర్లో ఎలకలు రాల్తాంటే మాయత్త తాళం ఏసింది" అని ఉంది. ఆమె గొంతు వచ్చింది. పదేండ్ల కింద పోగొట్టుకున్నది అట్లాగే, అదే వరసలో ఉంది. ఆమె ఏదీ మరచిపోలేదు. పోయిన ఉగాదికి కథ అడగకపోవడానికి కారణం కూడా అదే. అప్పటికే ఆమె పని అయిపోయిందట. ఇక నన్ను అడిగేదేముంది. ఆ ముక్క కూతురు చెప్పగానే, ఏడాదిగా గుండెల మీద ఉన్నది దిగిపోయింది. దుఃఖం ఉంది. కానీ దానికన్నా ముందు, చాలా దినాలకు నిండుగా ఊపిరి తీసుకున్నాను. పదకొండో దినం నాడు హిందూపురం వియ్యపురాలు ఊరట పడ్డదని ధర్మవరంలో ఎవరైనా చెప్పుకుంటే, అది నిజమే.

చివరి పట్టీ అన్నిటికన్నా వెడల్పు. దాని మీద ఇట్లా ఉంది: "చీర అమ్మినాము. సాహుకారు గీత చూసినాడో లేదో తెలీదు. ఆ దుడ్డుతో జొన్నలు తెచ్చుకున్నాము. ఎవురో పిల్ల పెండ్లికి కట్టుకోనుంటాది. గీత కుచ్చిళ్ళలో పడుంటాది, కనపడిండదు. ఆ పిల్ల చల్లగుండనీ."

దీన్ని బేరం అన్నదాన్ని నేను.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. ఆ పుటల్లో నా వాక్యాలన్నీ ఆమె కప్పేసింది. ఒక్కటి కప్పలేదు. ఆమె అత్త మగ్గంలో దిగిన చోట నేను ఇట్లా రాశాను: 'ఆ నెలంతా ఆ ఇంట్లో ఎవరూ ఏడ్చినట్టు వినపడలేదు. మగ్గం చప్పుడు ఆగేది కాదు.' ఆ వాక్యం చుట్టూ పట్టీలు జాగ్రత్తగా తప్పించి అంటించింది. పక్కన అంచులో, పెన్సిలుతో, చిన్నగా: "ఇది వదిన రాసింది. నేను చెప్పలేదు. నిజమే. ఉండనీ."

నేను రాసినవాటిని చాలామంది మెచ్చుకున్నారు. ఆ మెప్పులు నేను మళ్ళీ తీసి చూసుకున్నది లేదు. ఈ ఒక్క పుట మాత్రం దినానికి రెండుసార్లు తీస్తున్నాను.

రాబోయే సంవత్సరం పేరు విరోధి. మన బృందం కలిసేది మా ఇంట్లో. బోణీకి కొత్త మనిషి కోసం కార్యదర్శిగారు ఈసారి ఎవరినీ వెతకనక్కర లేదు. మన పుస్తకంలో ఒక్క మాటా లేని మనిషే బోణీ చేయాలి కదా; ప్రమాది పుస్తకంలో ఎక్కినవి నా మాటలే, ఆమెవి కావు. ఆమె చేతిరాత ఇప్పుడే దొరికింది. ఆ పట్టీలు పట్టీలుగానే చదువుతాం. చదివేది నా కూతురు. నేను దగ్గర కూర్చొని వింటాను, దిద్దను.

కార్యదర్శిగారూ, మీరు బండి ఎక్కేముందు పెనుకొండ బజారులో ఒక పని చూసుకొని రండి. చింతగింజల పొడి పావుసేరు, మైలుతుత్తం చిటికెడు కావాలి. హిందూపురంలో దొరకదని కాదు, ఇక్కడి అంగడాయన పొడిలో ఇసుక కలుపుతాడు, మెత్తగా జల్లించినది కావాలి. మైలుతుత్తం వేరే కాగితంలో కట్టించండి, అది విషం, ఓళిగల సంచిలో మాత్రం పెట్టొద్దు. జిగురు నేను కాచుకుంటాను. అన్నం మెతుకు పదేండ్లు నిలవదు, పురుగు కూడా పడుతుంది. ఆ చివరి పట్టీ మూల ఇప్పటికే లేచింది. గాలి తగిలినప్పుడల్లా రెపరెపలాడి, కింద నా రాతలో 'చౌడమ్మకు' అన్న మాట కనిపిస్తోంది. మీరు వచ్చేదాకా దాన్ని ఎడమచేతి బొటనవేలితో అదిమి పట్టుకొని, కుడిచేత్తో ఇది రాస్తున్నాను.